మూకీల కాలం మీద తీసిన సినిమాలో లేనివాళ్ళను వెతకడం ఎలా?

తిరువనంతపురంలో కాపిటల్ థియేటర్. మలయాళంలో తొలి సినిమా ‘విగతకుమారన్’ మొదటి ఆట. తెర మీద కథానాయకుడు కథానాయిక జడలోని పువ్వు తీసి ముద్దు పెట్టుకున్నాడు. అంతే, హాల్లో కేకలు, ఈలలు, తెర మీదికి రాళ్ళు. వాళ్ళ కోపం పువ్వు మీద కాదు. తెర మీద అగ్రకులమైన నాయర్ల ఇంటి ఆడపడుచు సరోజినిగా కనిపిస్తున్న పి.కె. రోజీ దళిత అమ్మాయి. పులయ కులంలో పుట్టి, గడ్డి కోసి బతుకుతూ, ఊళ్ళో నాటకాలు ఆడిన మనిషి. ఆమె ఇంటికి నిప్పు పెట్టారు. ప్రాణం దక్కించుకుని తమిళనాడు వైపు వెళ్ళిపోయింది. మిగతా జీవితమంతా అక్కడ రాజమ్మాళ్‌గా బతికింది. మళ్ళీ ఏ తెర మీదా కనపడలేదు.

ఈ ఉదంతం మీద 2013లో కమల్ దర్శకత్వంలో ‘సెల్యులాయిడ్’ వచ్చింది. ‘విగతకుమారన్’ తీసిన జె.సి. డేనియల్‌గా పృథ్వీరాజ్, రోజీగా చాందిని నటించారు. నేనా సినిమా చూసిన రాత్రి కళ్ళు తుడుచుకుంటూ నోటుపుస్తకంలో పేజీన్నర రాసుకున్నాను. కొన్ని నెలల తర్వాత తిరగేస్తే తెలిసింది: పేజీన్నరా డేనియల్ గురించే. రోజీ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, ‘పాపం, ఎంత అన్యాయం!’ అని. అన్యాయం జరిగింది ఎవరికి, నేను రాసుకున్నది ఎవరి గురించి? సినిమా నన్ను ఎక్కడ కూర్చోబెట్టిందో అక్కడే కూర్చుని చూశాను.

మూకీల రోజుల మీద తీసిన సినిమాలను అలా కూర్చోబెట్టినచోట కూర్చోకుండా, కాస్త లేచి చుట్టూ చూడటం ఎలాగో చెప్పాలని ఇది రాస్తున్నాను. ఫిల్మ్ క్లబ్బు నడిపేవాళ్ళకీ, సినిమాల మీద రాసేవాళ్ళకీ, ఆ కాలం మీద కథ రాసుకుంటున్న కుర్రాళ్ళకీ పనికొస్తుందని నా నమ్మకం. కావలసినవి ఒక సినిమా, ఒక నోటుపుస్తకం, వారం రోజుల ఓపిక.

మొదటి అడుగు: సినిమాను ఎంచుకోవడం

మనకు కావలసింది మూకీ సినిమా కాదు, మూకీల కాలాన్ని కథగా చెప్పిన తర్వాతి కాలపు సినిమా. ఈ తేడా మొదటే మనసులో పెట్టుకోండి. ఎందుకంటే ఇక్కడ మనం రెండు కాలాలను చూస్తాం: కథ జరిగిన కాలం, ఆ కథను తీసిన కాలం. 1927లో జరిగే కథను 1952లో తీస్తే అందులో 1952 కూడా ఉంటుంది.

మొదటిసారి చేసేవాళ్ళకు నాలుగు చెబుతాను. ‘సెల్యులాయిడ్’ ఒకటి. దాదాసాహెబ్ ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ తీసిన వైనాన్ని సరదాగా చెప్పిన మరాఠీ సినిమా ‘హరిశ్చంద్రాచీ ఫ్యాక్టరీ’ (2009) రెండోది. హాలీవుడ్ మూకీల నుంచి టాకీలకు మారిన రోజుల మీద డామియన్ చజెల్ తీసిన ‘బాబిలోన్’ (2022) మూడోది. షాంఘై మూకీల తార రువాన్ లింగ్యూ మీద స్టాన్లీ క్వాన్ తీసిన ‘సెంటర్ స్టేజ్’ (1991) నాలుగోది. వీటిలో ఒక్కటే తీసుకోండి. రెండు మూడు కలిపితే పోలికలు పెరుగుతాయి, చూపు పలచబడుతుంది.

రెండో అడుగు: సినిమా కంటే ముందు ఆ కాలాన్ని చూడటం

చాలామంది తొందరపడి దాటేసే అడుగు ఇదే. నన్నడిగితే సగం పని ఇక్కడే అయిపోతుంది. ఆ కాలంలో నిజంగా ఎవరెవరు ఉన్నారో తెలియకపోతే, సినిమాలో ఎవరు లేరో ఎలా తెలుస్తుంది?

మన దేశం సంగతే చూడండి. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’కు తారామతి వేషం వేయడానికి ఫాల్కేకు ఆడమనిషి దొరకలేదు. చివరికి ఒక హోటల్లో పనిచేసే సాలుంకే అనే కుర్రాడికి చీర కట్టించారు. ఇది అందరికీ తెలిసిన కథ. అదే ఏడాది ఫాల్కే తన తర్వాతి సినిమా ‘మోహినీ భస్మాసుర్’లో దుర్గాబాయి కామత్‌నీ, ఆమె కూతురు కమలాబాయినీ తెర మీదికి తెచ్చారన్నది అంతగా చెప్పుకోం. ఆడవాళ్ళు దొరకలేదన్న మాట నవ్వు పుట్టిస్తుంది కాబట్టి నిలిచింది. ఆడవాళ్ళు వచ్చారన్న మాట జారిపోయింది.

ఆ తర్వాత వచ్చినవాళ్ళెవరు? సులోచనగా పేరు పొందిన రూబీ మయర్స్ యూదు యువతి. టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేస్తూ సినిమాల్లోకి వచ్చి మూకీల కాలంలో అతిపెద్ద తార అయింది. కలకత్తాలో మదన్ థియేటర్స్ సినిమాల్లో వెలిగిన పేషెన్స్ కూపర్ ఆంగ్లో ఇండియన్. సీతాదేవి అసలు పేరు రెనీ స్మిత్. ఫాత్మా బేగం 1926లో సొంత సంస్థ పెట్టి ‘బుల్‌బుల్-ఎ-పరిస్తాన్’ తీసింది. మన దేశంలో తొలి మహిళా దర్శకురాలు ఆమే. ఆమె కూతురు జుబేదా తర్వాత మన తొలి టాకీ ‘ఆలం ఆరా’లో కథానాయిక.

ఇన్ని మతాలవాళ్ళు, ఇన్ని జాతులవాళ్ళు ఒకేచోట ఎలా కలిశారు? రెండు కారణాలు. తెర మీదికి రావడం ‘కుటుంబ స్త్రీ’కి తగదని సమాజం గీత గీసింది. ఆ గీతకు అవతల ఉన్నవాళ్ళకు, అంటే ఆంగ్లో ఇండియన్లు, యూదులు, కళావంతుల ఇళ్ళవాళ్ళు, పేదింటి ఆడవాళ్ళకు ఇటువైపు తలుపు తెరుచుకుంది. రెండో కారణం ఇంకా తేలిక: మూకీకి భాష అక్కర్లేదు. ఏ యాసైనా, ఏ ఇంటి మాటైనా తెరకు వినపడదు. టాకీ రాగానే ఈ రెండో తలుపు మూసుకుపోవడం మొదలైంది. సులోచన అంతటి తార కూడా కొంతకాలం ఆగి హిందుస్తానీ నేర్చుకుని మళ్ళీ రావలసి వచ్చింది.

మన తెలుగువాళ్ళకు ఇందులో తెలియనిదేమీ లేదు. స్థానం నరసింహారావుగారు సత్యభామగా జడ ముందుకు వేసుకుని నడుస్తుంటే జనం ఊగిపోయిన రోజులవి. అదే కాలంలో సురభి కుటుంబాల ఆడవాళ్ళు తమ వేషాలు తామే వేశారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి వేసిన సురభి కమలాబాయి ఆ ఇళ్ళ నుంచి వచ్చిందే. ఆడవాళ్ళు లేక మగవాళ్ళు వేశారనే కథకు పక్కనే ఆడవాళ్ళు ఆడిన నాటకాల చరిత్ర నడుస్తూ ఉంది. రెండూ తెలిసినవాళ్ళు ఫాల్కే సినిమాను వేరేగా చూస్తారు.

అమెరికా సినిమాను ఎంచుకుంటే అక్కడి జాబితా ఇంకోలా ఉంటుంది. ఫ్రాన్సులో 1896 నుంచే సినిమాలు తీసిన ఆలిస్ గీ, అమెరికా వెళ్ళి 1910లో సొంత స్టూడియో పెట్టింది. లోయిస్ వెబర్ ఆ రోజుల్లో పేరున్న దర్శకుల్లో ఒకరు. జపాన్ నుంచి వెళ్ళిన సెస్స్యూ హయకావా 1915లో ‘ది చీట్’తో పెద్ద తారై, మూడేళ్ళకు సొంత నిర్మాణ సంస్థ పెట్టాడు. 1914 నాటి ‘ది స్క్వా మ్యాన్’లో నటించిన లిలియన్ సెంట్ సిర్ అమెరికా ఆదివాసీ స్త్రీ. చైనా చాకలి ఇంటి బిడ్డ అన్నా మే వాంగ్ 1922లో ‘ది టోల్ ఆఫ్ ది సీ’లో కథానాయిక అయింది. నల్లజాతివాడైన ఆస్కార్ మిషో తన డబ్బుతో, తన జనం కోసం తానే సినిమాలు తీసి ఊరూరా తిప్పి ఆడించాడు.

ఈ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఇక సినిమా పెట్టండి.

మూడో అడుగు: రెండుసార్లు చూడటం

మొదటిసారి పెన్ను పట్టుకోకండి. మామూలు ప్రేక్షకుల్లా చూడండి, ఏడుపొస్తే ఏడవండి. సినిమా అయ్యాక మాత్రం వెంటనే, ఎవరితోనూ మాట్లాడకముందే, ఎవరు గుర్తున్నారో వరసగా రాయండి. నా పేజీన్నర బండారం బయటపడింది ఇలాగే. మీ జ్ఞాపకమే మీ మొదటి సాక్ష్యం.

రెండోసారి ఆపి ఆపి చూడండి. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ కేటాయించి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈమెకు పేరుందా? ఏం పని చేస్తుంది? తనంతట తానుగా ఏ నిర్ణయం తీసుకుంది? కథ ఆమెను ఎక్కడ వదిలేసింది? గుంపులో నిలబడ్డవాళ్ళకు, లైట్లు మోసేవాళ్ళకు, వంటచేసేవాళ్ళకు కూడా ఇవే ప్రశ్నలు.

ఫాల్కే భార్య సరస్వతీబాయి మీద ఈ ప్రశ్నలు ప్రయోగించి చూడండి. ఆమె నగలు ఇచ్చింది, యూనిట్ అందరికీ వండిపెట్టింది, ఫిల్ముకు చిల్లులు వేయడం దగ్గర్నుంచి కడగడం దాకా నేర్చుకుని చేసింది. వీటిలో ‘హరిశ్చంద్రాచీ ఫ్యాక్టరీ’లో ఎన్ని పనిగా కనిపించాయి, ఎన్ని ఇల్లాలి సహకారంగా కనిపించాయి? చేసింది ఒకటే అయినా దాన్ని ‘పని’ అనడానికీ ‘సహకారం’ అనడానికీ మధ్య ఎంత దూరముందో మన ఇళ్ళలో ఆడవాళ్ళను అడిగితే చెబుతారు.

నాలుగో అడుగు: కథ ఎవరిదో తేల్చడం

ఒకరిని చూపించడం వేరు, ఒకరి వైపు నుంచి చూపించడం వేరు. ప్రాతినిధ్యం గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా మొదటిదాన్నే లెక్కపెడతాం. ‘దళిత పాత్ర ఉంది కదా’, ‘నల్లజాతి పాత్ర ఉంది కదా’ అని ఊరుకుంటాం. ‘సెల్యులాయిడ్’ ఈ తేడాను నేర్పే పాఠంలాంటిది. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడదాం.

సినిమాలో రోజీ ఉంది, పేరుతో ఉంది. కులం పేరు దాచకుండా చెప్పారు. షూటింగు చోట అందరితో సమానంగా కూర్చోవడానికి ఆమె జంకడం చూపించారు. నగలు పెట్టుకుని, మంచి బట్ట కట్టుకుని తనను తాను చూసుకున్నప్పుడు ఆ మొహంలో వెలుగు చూపించారు. తొలి ఆటను ప్రారంభించడానికి వచ్చిన పెద్దమనుషులు ఆమె లోపల ఉంటే మేం రామని భీష్మించడం చూపించారు. తన బొమ్మను తాను చూసుకునే హక్కు కూడా లేకపోవడం కంటే కడుపుకోత ఏముంటుంది? ఈ దృశ్యాలు లక్షలమందికి రోజీ పేరు చేరవేశాయి. ఆ మేలు చిన్నది కాదు.

ఇప్పుడు నాలుగు ప్రశ్నలు. పేరుంది. పని? ఆమె కక్కరిశ్శి అనే జానపద నాటకాలు ఆడిన మనిషి. ఆ నాటకం ఆడాలంటే పాట రావాలి, ఆట రావాలి, జనం ముందు గొంతు విప్పే ధైర్యం ఉండాలి. సినిమాలో ఆ ధైర్యం కంటే భయమే ఎక్కువగా కనిపిస్తుంది. నిర్ణయం? వేషం వేయడానికి ఆమె ఎందుకు ఒప్పుకుంది, కెమెరా ముందు నిలబడేటప్పుడు ఏమనుకుంది అన్నది ఆమె నోట మనం పెద్దగా వినం. డేనియల్ ఆమెను కనుగొన్నాడు, డేనియల్ ఆమెను మనిషిగా చూశాడు. ఈ వాక్యాలకు కర్త ఎప్పుడూ డేనియలే. ఇక కథ ఆమెను ఎక్కడ వదిలేసింది? ఊరొదిలి పారిపోయిన రాత్రి. ఆ తర్వాత సినిమా ఇంకా చాలాసేపు నడుస్తుంది, అదంతా డేనియల్ అప్పులు, ముసలితనం, ఆయనకు రావలసిన గుర్తింపు కోసం ఒక పత్రికా రచయిత చేసిన పోరాటం. రోజీ ఆ తర్వాత దశాబ్దాలు బతికింది. సినిమా దృష్టిలో ఆమె జీవితం ఆ రాత్రితో అయిపోయింది.

డేనియల్‌ను తక్కువ చేయాలని ఈ మాట అనడం లేదు. భూములమ్మి స్టూడియో పెట్టి, సర్వం పోగొట్టుకుని, 1975లో చనిపోయేదాకా సరైన గౌరవం పొందని మనిషి ఆయన. నాడార్ క్రైస్తవుడు కాబట్టి కులం దెబ్బ ఆయనకూ తగిలింది. 1992 నుంచి కేరళ ప్రభుత్వం ఇచ్చే అత్యున్నత సినీ పురస్కారం ఆయన పేరు మీదే ఉంది. రోజీ పేరు మాత్రం చాలా ఏళ్ళు ఎక్కడా లేదు. ఆ తర్వాత మలయాళ సినీరంగంలోని మహిళలు తమ ఫిల్మ్ సొసైటీకి ఆమె పేరు పెట్టుకున్నారు, తమిళనాట దళిత సినిమాల పండగ ఆమె పేరుతో జరిగింది, 2023 ఫిబ్రవరి 10న గూగుల్ తన మొదటి పేజీలో ఆమె బొమ్మ వేసింది. కథ ఎవరిదన్న ప్రశ్నకు జవాబు సినిమా బయట మెల్లగా మారుతోంది. మీ వ్యాసంలో ఈ రెండూ పక్కపక్కన పెట్టండి.

ఐదో అడుగు: ఒక్క దృశ్యాన్ని ఆపి చూడటం

సినిమా మొత్తం మీద తీర్పు చెప్పడం తేలిక, ఒక్క దృశ్యం గురించి రెండు పేజీలు రాయడం కష్టం. కష్టమైనదే చేయండి.

‘బాబిలోన్’లో నేను ఆపి చూసేది ఇది. సిడ్నీ పామర్ నల్లజాతి ట్రంపెట్ కళాకారుడు. టాకీలు రావడంతో అతని వాద్యానికి తెర మీద చోటు దొరికింది. షూటింగులో లైట్ల కింద అతని చర్మం తన బృందంలోని మిగతావాళ్ళకంటే తెల్లగా కనిపిస్తోందట. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసి వాయిస్తున్నట్టు కనపడితే దక్షిణాది రాష్ట్రాల థియేటర్లు బొమ్మ వేయవు. కాబట్టి మొహానికి కాల్చిన బెండు మసి పూసుకోమంటారు. నల్లవాడు ఇంకా నల్లగా కనిపించడానికి మసి! ఆ మాట అడగడానికి వచ్చింది మానీ టొరెస్, మెక్సికో నుంచి వచ్చి స్టూడియోలో మెట్టు మెట్టుగా ఎదిగిన మనిషి. తన ఊరి పేరు చెప్పుకోలేక స్పెయిన్‌వాణ్ణని చెప్పుకునే మనిషి.

ఇక్కడ బొమ్మ ఆపండి. ఫ్రేములో ఇద్దరు ఉన్నారు, ఇద్దరూ బయటివాళ్ళే. ఆజ్ఞ ఇచ్చినవాళ్ళు ఫ్రేములో లేరు. ఒక బయటివాడి చేత ఇంకో బయటివాడికి మసి పూయించడం అధికారం చేసే పనే. మానీ బతిమాలుతున్నాడా, బెదిరిస్తున్నాడా? మిగతా బృందం జీతాల మాట ఎందుకు తెచ్చాడు? సిడ్నీ ఎంతసేపు మాట్లాడకుండా ఉన్నాడు? మసి పూసుకుని పాట పూర్తిచేసి స్టూడియో వదిలి వెళ్ళిపోతాడు. నిర్ణయం తీసుకునే పాత్ర అతను. తర్వాత చిన్న క్లబ్బులో తన జనం మధ్య వాయిస్తూ కనిపిస్తాడు. నాలుగు ప్రశ్నలకూ జవాబున్న పాత్ర. అయినా మూడు గంటల పైన నడిచే ఆ సినిమాలో అతనికి దొరికిన భాగం ఎంత? గడియారం పెట్టుకుని కొలవండి.

ఈ దృశ్యం బరువు తెలియాలంటే వెనక్కి వెళ్ళాలి. 1915లో వచ్చిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’లో తెల్ల నటులు మొహాలకు నల్లరంగు పూసుకుని నల్లవాళ్ళను రాక్షసుల్లా చూపించారు. దేశమంతా ఆ సినిమా మీద నిరసనలు జరిగాయి. 1920లో మిషో ‘వితిన్ అవర్ గేట్స్’ తీసి, నల్లవాళ్ళ మీద జరిగే మూకహత్యలను నల్లవాళ్ళ వైపు నుంచి చూపించాడు. ఆ సినిమా ప్రతులన్నీ పోయాయనుకున్నారు. దశాబ్దాల తర్వాత స్పెయిన్‌లో ఒక్కటి దొరికింది. 1993లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని బాగుచేసి నిలబెట్టింది. వీలైతే ‘బాబిలోన్’ చూసిన మర్నాడే ఇది చూడండి. మసి పూసిన దృశ్యాన్ని ఒక నల్లజాతి దర్శకుడు వందేళ్ళ కిందటే ఎలా కడిగాడో కళ్ళారా కనిపిస్తుంది.

‘బాబిలోన్’లోనే లేడీ ఫే జూ అనే చైనా అమెరికన్ పాత్ర అన్నా మే వాంగ్‌ను గుర్తుచేస్తుంది. రాత్రి వేదిక మీద వెలిగే ఆమె, పగలు అమ్మానాన్నల లాండ్రీలో ఉంటుంది, మూకీలకు తెర మీది అక్షరాలు రాస్తుంది. చివరికి యూరప్ వెళ్ళిపోతుంది. అన్నా మే వాంగ్ కూడా 1928లో అలాగే వెళ్ళింది. చైనా కథతో 1937లో వచ్చిన ‘ది గుడ్ ఎర్త్’లో చైనా రైతు భార్య వేషం ఆమెకు రాలేదు, తెల్లజాతి నటి లూయీస్ రైనర్‌కు ఇచ్చారు, ఆస్కార్ కూడా వచ్చింది. రోజీని నాయర్ వేషం వేసినందుకు తరిమారు. వాంగ్‌కు తన జాతి వేషమే దక్కలేదు. ఎవరు ఎవరి వేషం వేయవచ్చన్న నియమం ఎప్పుడూ ఒకవైపుకే వంగి ఉంటుంది.

ఆరో అడుగు: పోయినవాటిని పోయినట్టు చెప్పడం

మూకీల మీద రాసేవాళ్ళందరికీ ఎదురయ్యే గోడ ఇది: అసలు సినిమాలు లేవు. అమెరికాలో పెద్ద మూకీల్లో అసలు రూపంలో మిగిలినవి నూటికి 14 మాత్రమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో వెల్లడించిన అధ్యయనం చెబుతోంది. మన దగ్గర వెయ్యికి పైగా మూకీలు తీశారు, పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో పుట్టేనాటికి వాటిలో చాలామటుకు పోయాయి. ‘విగతకుమారన్’ లేదు. రోజీ ఎలా నటించిందో ఇక ఎవరం చూడలేం.

లేనిదాన్ని సినిమా తిరిగి ‘తీసి’ చూపిస్తే, మనం దాన్నే అసలు అనుకుంటాం. ‘సెల్యులాయిడ్’లో చాందిని జడలో పువ్వు చూసి రోజీని చూశామనుకుంటాం. ఈ చిక్కును స్టాన్లీ క్వాన్ ఎలా విప్పాడో ‘సెంటర్ స్టేజ్’లో చూడండి. రువాన్ లింగ్యూగా మ్యాగీ చాంగ్ ఒక దృశ్యం నటిస్తుంది. అసలు సినిమా మిగిలి ఉంటే ఆ ముక్క పక్కనే వేస్తాడు. మిగలకపోతే ఆ సినిమా ఇప్పుడు లేదని తెర మీద రాస్తాడు. మధ్యలో మ్యాగీ చాంగ్‌ను మామూలు బట్టల్లో కూర్చోబెట్టి, రువాన్‌ను గుర్తుపెట్టుకున్నట్టు నిన్నూ గుర్తుపెట్టుకోవాలని ఉందా అని అడుగుతాడు. నటి ఎవరో, ఆమె వేస్తున్న మనిషి ఎవరో కలిసిపోనివ్వడు. ఇరవై అయిదేళ్ళు నిండకుండా, 1935 మార్చి 8న ప్రాణం తీసుకున్న మనిషి మీద సినిమా తీసేటప్పుడు చూపవలసిన మర్యాద అది.

మీ నోటుపుస్తకంలో కూడా మూడు రంగులు వాడండి: రికార్డులో ఉన్నది, నోటిమాటగా వచ్చింది, సినిమా ఊహించింది. ‘విగతకుమారన్’ మొదటి ఆట 1928లో అని కొందరు, 1930లో అని కొందరు రాశారు. రెండూ రాసుకోండి, మీకు నచ్చినదాన్ని నిజం చేసేయకండి. మనకూ ఇలాంటి పాఠం ఉంది. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఏళ్ళ తరబడి పండగ చేసుకున్నాం. పాత్రికేయులు రెంటాల జయదేవ సెన్సారు వివరాలూ పాత పత్రికలూ తవ్వి 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. తేదీయే ఇన్నాళ్ళు తప్పుగా నిలిచిందంటే, మనుషుల విషయం ఇంకెంత జాగ్రత్తగా చూడాలి?

ఏడో అడుగు: గొంతు ఎవరిదో వినడం

ఇది చిన్న అడుగు, క్లుప్తంగా చెబుతాను. టాకీల రాక మీద తీసిన సినిమాలన్నింటిలో గొంతు మీద గొడవ ఉంటుంది. 1952 నాటి ‘సింగిన్ ఇన్ ది రెయిన్’ కథంతా అదే: కీచు గొంతు తారకు తెర వెనుక నుంచి ఇంకో అమ్మాయి గొంతు ఇస్తుంది, చివరికి గొంతిచ్చిన అమ్మాయికి న్యాయం జరుగుతుంది. ఆ సినిమాలో ఆ అమ్మాయిగా నటించిన డెబ్బీ రేనాల్డ్స్ పాడినట్టు కనిపించే ఒక పాటకు నిజంగా గొంతిచ్చింది బెటీ నోయెస్. ఆమె పేరు టైటిల్స్‌లో లేదు. కథానాయిక మొహం ఒకరిది, మాట ఒకరిది కావడం అలవాటైన తెలుగు ప్రేక్షకులు ఈ సంగతిని ఎవరికన్నా బాగా అర్థం చేసుకోగలరు. మీ సినిమాలో కూడా టైటిల్స్ చివరిదాకా చూడండి. గొంతులు, దుస్తులు, మేకప్పు, డూపులు ఎవరివో అక్కడే ఉంటాయి, లేదా ఉండవు.

ఎనిమిదో అడుగు: రాయడం

నేను మొదట రాసుకున్న వాక్యం ఇది: ‘పాపం, రోజీకి ఎంత అన్యాయం జరిగింది!’ తర్వాత మార్చుకున్నది ఇది: ‘కక్కరిశ్శి నాటకాల్లో ఆరితేరిన రోజీ, కెమెరా ముందు నాయర్ స్త్రీగా నిలబడింది. తన బొమ్మను చూడటానికి వచ్చినప్పుడు ఆధిపత్య కులాలవాళ్ళు ఆమెను తరిమికొట్టారు.’ మొదటి వాక్యంలో అన్యాయం దానంతటదే జరిగింది, చేసినవాళ్ళు లేరు. రెండోదానిలో ఉన్నారు. మొదటిదానిలో ఆమె బాధితురాలు. రెండోదానిలో ముందు కళాకారిణి, తర్వాతే బాధ. ‘జరిగింది’, ‘చేయబడింది’ అని రాసినచోటల్లా ఆగి, ఎవరు చేశారో రాయండి. మీ వ్యాసం సగం అక్కడే బాగుపడుతుంది.

కులం పేరు, జాతి పేరు రాయడానికి సిగ్గుపడకండి. ‘ఒక వర్గానికి చెందిన’ అనే మాట మర్యాదలా కనిపించి నిజాన్ని దాస్తుంది. అదే సమయంలో ఆ కాలంలో వాడిన అవమానకరమైన మాటలను మీ వాక్యంలోకి ఎత్తుకోకండి. సినిమా చేసిన మంచిని కూడా పూర్తిగా రాయండి. ‘సెల్యులాయిడ్’ లేకపోతే నేను రోజీ పేరు వినేవాణ్ణి కాదు, ఈ మార్గదర్శి ఉండేదీ కాదు. లోపం చెప్పినంత వివరంగా మేలు కూడా చెప్పలేకపోతే ఇంకోసారి సినిమా చూడవలసిన పని మనకు మిగిలి ఉన్నట్టే.

రాసింది ప్రచురించే ముందు, ఎవరి గురించి రాశారో ఆ సమూహానికి చెందిన మనిషికి ఒకసారి చదివి వినిపించండి. మెచ్చుకుంటారని కాదు. ఎక్కడ మొహం తిప్పుకుంటారో చూడటానికి.

తొమ్మిదో అడుగు: మన మూకీల దగ్గరికి రావడం

ఇప్పటిదాకా నేర్చుకున్నదాన్ని మన ఊళ్ళోకి తెచ్చుకోండి. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుతూ, క్రోనో మెగాఫోన్ అనే బొమ్మలాడించే యంత్రం కొని, గుడారం వేసి బొమ్మలాడించారు. 1914లో మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టారు. కొడుకు ప్రకాష్‌ను సినిమా నేర్చుకోవడానికి విదేశాలకు పంపారు, ఆ కొడుకు 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశాడు. సి. పుల్లయ్య 1926లో కాకినాడలో ‘మార్కండేయ’ తీశారు. వెంకయ్య జీవితం మీద 2019లో నరేష్ నటించిన తెలుగు సినిమా వచ్చింది. దాన్ని తీసుకుని ఇవే నాలుగు ప్రశ్నలు వేయండి. గుడారం మోసినవాళ్ళకు పేర్లున్నాయా? ఇంట్లో ఆడవాళ్ళు ఏ నిర్ణయం తీసుకున్నారు?

కథ రాసుకునేవాళ్ళకు ఇందులో ఇంకా ఎంతో సరుకుంది. మూకీకి తెర మీద అక్షరాలు వచ్చేవి. హాల్లో చదువు రానివాళ్ళే ఎక్కువ. వాళ్ళకోసం ఒక మనిషి తెర పక్కన నిలబడి, ఆ అక్షరాలు గట్టిగా చదువుతూ, కథ చెబుతూ ఉండేవాడు. నేల మీద కూర్చున్నవాళ్ళకు సినిమా అంటే అతని గొంతే. అతను ఎవరు? ఏ యాసలో చెప్పాడు? కూలి ఎంత? నేలకూ బెంచీకీ మధ్య ఎవరెవరిని కూర్చోనిచ్చారు? ఆడవాళ్ళకు వేరే తెర కట్టారా? టాకీ వచ్చిన రోజు సాయంత్రం అతను ఎక్కడికి వెళ్ళాడు?

మీ ఊళ్ళో తొంభై ఏళ్ళ పెద్దవాళ్ళుంటే, వాళ్ళ అమ్మానాన్నలు బొమ్మ గురించి ఏం చెప్పేవాళ్ళో అడగండి. ఫోన్లో రికార్డు చేసుకోండి. వాళ్ళు చెప్పే మాటల్లో తారల పేర్లు తక్కువగా, గుడారం దగ్గర ఎవరిని ఏ ద్వారం నుంచి పంపేవారో ఎక్కువగా ఉంటుంది. అది రాసుకోండి.